రహీమ్ సాబ్ కథ మనకు చెప్పిందెవరు?

2024లో రంజాన్ పండుగకు ‘మైదాన్’ అనే హిందీ సినిమా విడుదలైంది. హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం ఆధారంగా తీసిన సినిమా అది. మా తాడిపత్రిలో కొందరు పిల్లలు తర్వాత దాన్ని సెల్‌ఫోన్లలో చూశారు. సాయంత్రం మా దగ్గర ఉర్దూ చదువుకోవడానికి వచ్చేవాళ్లలో ఒకడు మర్నాడు పుస్తకం తెరవకుండానే అడిగాడు: “హజ్రత్, ఆ రహీమ్ సాబ్ నిజంగా ఉండినాడా, లేకపోతే సినిమా వాళ్లు కల్పించినారా?”

ఉండినాడు నాయనా, మన హైదరాబాదులోనే ఉండినాడు, మాలాగే బడిపంతులు అని చెప్పాం. వాడు అంతటితో వదల్లేదు. “మీకెవరు చెప్పినారు?” అన్నాడు.

మదర్సాలో చదువుకున్న మాబోటివాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఏ మాట విన్నా దాన్ని చెప్పిందెవరు, ఆయనకెవరు చెప్పారు, చెప్పిన మనిషి జ్ఞాపకశక్తి ఎలాంటిది, ఎవరి పక్షమైనా వహించేవాడా అని ఆరా తీయడం మా చదువులో ఒక పెద్ద శాస్త్రం. ‘అస్మాఉర్రిజాల్’ అంటారు. వేలాదిమంది రావీల, అంటే ఒక మాటను ముందుతరం నుంచి విని తర్వాతి తరానికి అందించినవారి వివరాలు అందులో ఉంటాయి. ఆ శాస్త్రం హదీసుల కోసం పుట్టింది. ఆటల కబుర్లను దానితో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. కాని ఆ చదువు నేర్పిన అలవాటు మనిషిని వదలదు. పిల్లవాడి ప్రశ్నకు మేము కాసేపు ఆలోచించవలసి వచ్చింది. అవును, రహీమ్ సాబ్ గురించి మాకెవరు చెప్పారు?

ఇద్దరు చెప్పారు. ఒకరి పేరు మాకు తెలియదు. రెండవవారి పేరు నోవీ కపాడియా.

పేరు తెలియని మనిషి సంగతి ముందు చెబుతాం. 1980లలో మేము హైదరాబాదులో మదర్సా విద్యార్థులం. శుక్రవారం సెలవు. జుమా నమాజు, భోజనం అయ్యాక నలుగురైదుగురం కలిసి ఫతే మైదాన్‌కు నడిచి వెళ్లేవాళ్లం. అప్పటికే దాని పేరు లాల్ బహదూర్ స్టేడియంగా మారి చాలా ఏళ్లయింది. అయినా పాతబస్తీ జనం నోట అది ఫతే మైదానే. ఆ పక్కన ఎక్కడ ఫుట్‌బాల్ జరుగుతున్నా నిలబడి చూసేవాళ్లం. అక్కడికి ఒక పెద్దాయన వచ్చేవాడు. మాసిన షేర్వానీ, చేతిలో పాన్ డబ్బీ. ఎదురుగా జరుగుతున్న ఆటను చూస్తూ ముప్పై ఏళ్ల కిందటి ఆటను చెప్పేవాడు. “ఈ పాస్ నూర్ ముహమ్మద్ అయితే ఇలా ఇచ్చేవాడా? అజీజ్ అయితే బంతిని అక్కడే ఆపేసేవాడు” అనేవాడు. సిటీ పోలీసు జట్టు ఏ సంవత్సరం ఎక్కడ ఎవరిని ఓడించిందో, గోల్ ఏ మూల నుంచి వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మేము కుర్రవాళ్లం. ముసలాయన చాదస్తం అని నవ్వుకునేవాళ్లం. ఒక్కనాడైనా ఆయన పేరడగలేదు. ఒక్క మాటా కాగితం మీద పెట్టలేదు. చదువు ముగించుకుని తాడిపత్రి వచ్చేశాం. కొన్నేళ్ల తర్వాత పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు ఆ వైపు వెళ్లి చూశాం. ఆయన లేడు. ఎవరిని అడగాలో తెలియలేదు, పేరు తెలిస్తే కదా అడగడానికి.

ఆయన చెప్పినవన్నీ చాదస్తం కాదనీ, తారీఖులతో సహా నిజాలనీ మాకు తెలిసింది నోవీ కపాడియా వల్ల.

కపాడియా హైదరాబాదువాడు కాడు. తెలుగువాడు కాడు. ఢిల్లీలో స్థిరపడిన పార్సీ. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీ గురు తేగ్ బహదూర్ ఖాల్సా కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధించిన అధ్యాపకుడు. పార్సీ రచయితల నవలల మీద వచ్చిన ఒక విమర్శ గ్రంథానికి సంపాదకుల్లో ఒకరు. తరగతి గదిలో సాహిత్యం చెప్పి, సాయంత్రం ఢిల్లీ గేటు దగ్గరి అంబేద్కర్ స్టేడియంలో మైకు ముందు కూర్చునే మనిషి. ఊరి లీగులో తాను కూడా ఆడాడు. అశోకా క్లబ్ అనే చిన్న జట్టును నడిపాడు. అందువల్ల ఆటగాడి కష్టం, క్లబ్బు కార్యదర్శి అప్పులు రెండూ ఆయనకు తెలుసు. పత్రికలకు రాశాడు, ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో, ఆ తర్వాత వచ్చిన ప్రైవేటు టీవీల్లో కామెంటరీ చెప్పాడు. తొమ్మిది ప్రపంచ కప్ పోటీలను పత్రికా రచయితగా, వ్యాఖ్యాతగా అనుసరించాడు. ఆయనను ‘భారత ఫుట్‌బాల్ గొంతు’ అని పిలిచేవారు. ఈ బిరుదు ప్రభుత్వం ఇచ్చింది కాదు, వినేవాళ్లు ఇచ్చింది.

ప్రపంచ కప్‌ల గురించి చెప్పేవాళ్లు లోకంలో కొల్లలు. కపాడియా గొప్పతనం మా దృష్టిలో అక్కడ లేదు. ఢిల్లీలోని చిన్న లీగు మ్యాచ్‌కు కూడా ఆయన వెళ్లేవాడు. డ్యూరాండ్ కప్‌కు దేశం నలుమూలల నుంచి వచ్చే జట్ల ఆటగాళ్లను కలిసి మాట్లాడేవాడు. పాత ఆటగాళ్ల దగ్గర కూర్చుని వాళ్ల నోట వాళ్ల కథ విన్నవాడు. విన్నదాన్ని మరచిపోనివాడు. మన దేశంలో ఫుట్‌బాల్‌కు పద్ధతిగా రికార్డులు పెట్టే అలవాటు తక్కువ. ఎవరు ఎన్ని గోల్స్ కొట్టారో, ఏ మ్యాచ్‌లో ఎవరు ఆడారో తెలుసుకోవాలంటే సంఘాల కార్యాలయాల కంటే కపాడియా జ్ఞాపకం నయమని తోటి విలేకరులు అనేవారు.

ఇక ఆయన చేసిన పని ఏమిటో కాస్త వివరంగా చూద్దాం.

రేడియోలో ఫుట్‌బాల్ చెప్పడం క్రికెట్ చెప్పడం లాంటిది కాదు. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య తీరిక ఉంటుంది. మైదానంలో పావురాల గురించి కూడా చెప్పుకోవచ్చు. ఫుట్‌బాల్‌లో తొంభై నిమిషాలు బంతి ఆగదు. వినేవాడికి కళ్లు లేవు. బంతి కుడివైపు ఉందా ఎడమవైపు ఉందా, ఏ జట్టు ఏ దిక్కుకు ఆడుతోంది, ఎన్నో నిమిషం, స్కోరెంత, ఇవి మాటిమాటికీ చెప్పాలి. మధ్యలో రేడియో పెట్టిన మనిషి ఒకడుంటాడు కదా! అతడు గోల్ పడ్డ సంగతి తెలియక మిగతా ఆటంతా ఆందోళనతో వింటాడు. ఆకాశవాణిలో ఒకరు హిందీలో కొన్ని నిమిషాలు, మరొకరు ఇంగ్లీషులో కొన్ని నిమిషాలు వంతులవారీగా చెప్పేవారు. ఒకరి నోటి నుంచి మరొకరి నోటికి ఆట తెగకుండా అందాలి. టీవీ వచ్చాక పని తిరగబడింది. చూసేవాడికి బంతి కనిపిస్తూనే ఉంది. ఇక చెప్పవలసింది కనిపించనిది: ఈ కుర్రవాడు ఏ ఊరివాడు, ఎవరి చేతికింద ఆట నేర్చాడు, ఈ జట్టు ఇంతకుముందు ఇక్కడ ఎప్పుడు గెలిచింది. కపాడియా దగ్గర ఈ రెండో రకం సరుకు తరగనంత ఉండేది. ఆయన గొంతు మేము మొదట విన్నది 1990లలో, మా వీధిలో ఒకరింట్లో, దూరదర్శన్‌లో. బంతి బయటికి పోయిన వెంటనే ఒక ఆటగాడి కథ మొదలుపెట్టి, బంతి తిరిగి లోపలికి వచ్చేసరికి ముగించేవాడు. కొన్నిసార్లు ముగిసేది కాదు. ఆట ముందుకు పోయేది, కథ వెనక ఉండిపోయేది. వినేవాళ్లలో కొందరు విసుక్కునేవారు. మాకు మాత్రం ఫతే మైదాన్ పెద్దాయన గుర్తుకొచ్చేవాడు.

2017లో ఆయన పుస్తకం ‘బేర్‌ఫుట్ టు బూట్స్’ వచ్చింది. వట్టికాళ్ల నుంచి బూట్ల దాకా అని అర్థం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. తన ఆటను ప్రేమించే మనిషి ఇలాంటి ఓటమిని మెల్లగా దాటేయాలని చూస్తాడు. కపాడియా తన పుస్తకానికి పేరే దాని నుంచి తీసుకున్నాడు. రావీకి ఉండవలసిన మొదటి గుణం ఇదేనని మా ఉస్తాదులు చెప్పేవారు, తనవాళ్ల లోపాన్ని కూడా ఉన్నదున్నట్టు చెప్పడం.

ఆ పుస్తకంలో మన హైదరాబాదు ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1909లో పుట్టాడు. బడిలో పాఠాలు చెప్పేవాడు. చాదర్‌ఘాట్ హైస్కూలు పిల్లలకు ఆయన మాస్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు, చనిపోయే దాకా ఆ పని చేశాడు. సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్‌ను 1950లో, 1954లో, మళ్లీ 1957లో తెచ్చుకుంది. అప్పట్లో కలకత్తా క్లబ్బులంటే కొండలు. ఆ కొండలను కానిస్టేబుళ్ల జట్టు ఢీకొట్టింది. నెల జీతానికి డ్యూటీ చేసే మనుషులు! రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57లోనూ, 1957-58లోనూ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మళ్లీ గెలిచాం.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకు రహీమ్ సాబే శిక్షకుడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మాట చెబితే పిల్లలు మా మొహం వంక అనుమానంగా చూస్తారు. ఇప్పటి జట్టు సంగతి వాళ్లకు తెలుసు కాబట్టి.

1962 జకార్తా సంగతి చెప్పకుండా ఉండలేం. ఇండోనేషియా ప్రభుత్వం ఆ ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. భారత ప్రతినిధి జి.డి. సోంధీ దానికి అభ్యంతరం చెప్పాడు. ఆ కోపం మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. మన జట్టు మైదానంలోకి వస్తే ఎగతాళి కేకలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్ మీద, జపాన్ మీద గెలుపు, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలుపు. సెప్టెంబరు 4న ఫైనల్, మళ్లీ అదే కొరియాతో. స్టేడియంలో సుమారు లక్ష మంది, మన వైపు అరిచేవాళ్లు వేళ్ల మీద లెక్కించేంతమంది. అప్పుడు గ్యాలరీలో ఉన్న పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మనకు మద్దతుగా కేకలు వేశారని మన ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అంతకుముందే తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను రహీమ్ సాబ్ ముందువరుసలో ఆడించాడు. అతడు ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్, మొదటి ఇరవై నిమిషాల్లోనే. కొరియా చివర్లో ఒకటి తిరిగి కొట్టింది. 2-1. ఆ రోజు గోల్‌లో నిలబడ్డ పీటర్ థంగరాజ్ హైదరాబాదువాడు. ముందువరుసలో ఆడిన యూసుఫ్ ఖాన్ హైదరాబాదువాడు, తులసీదాస్ బలరామ్ సికిందరాబాదు పక్కన అమ్ముగూడ కుర్రవాడు. జట్టులో డి.ఎం.కె. అఫ్జల్ కూడా ఉన్నాడు. రహీమ్ సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. 1963 జూన్ 11న కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత బంగారం రాలేదు.

ఫతే మైదాన్ పెద్దాయన చెప్పిన పేర్లన్నీ కపాడియా రాతల్లో మాకు కనిపించాయి. నూర్ ముహమ్మద్, అజీజ్, లతీఫ్, జుల్ఫికర్, అహ్మద్ హుసేన్. అరవై ఏళ్ల కిందట కలకత్తా, బొంబాయి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిన పేర్లవి. వాటిని మన ఇళ్లలో ఎంతమంది పిల్లలు విన్నారు?

రహీమ్ సాబ్ తరం తర్వాత ముహమ్మద్ హబీబ్ వచ్చాడు. హైదరాబాదు నుంచి కలకత్తా వెళ్లి అక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ జట్టు న్యూయార్క్ కాస్మోస్‌తో ఆడింది. అవతల పీలే ఉన్నాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది. మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. కలకత్తాలో ఆయన పేరు ‘బడే మియా’. రిక్షావాడికి కూడా తెలుసు. తాడిపత్రిలో మేము పదిమందిని అడిగి చూశాం, ఒక్కరికీ తెలియదు. మాకేమీ ఆశ్చర్యం కలగలేదు. కలకత్తాలో అజయ్ బసు, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్ అని బెంగాలీ రేడియో వ్యాఖ్యాతలు ఉండేవారు. తల్లిభాషలో చెప్పారు. ఇంట్లో వంట చేసుకునే ఆడవాళ్లు కూడా విన్నారు. ఆటగాడు హైదరాబాదీ అయినా కథ బెంగాలీలో నిలిచింది.

తెలుగులో ఆ పని జరగలేదని అంటే కొందరికి కోపం రావచ్చు. కడపలో 1963లో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. మా చిన్నతనంలో తాడిపత్రిలో టీ హోటళ్లన్నిటా కడప కేంద్రమే మోగేది. వ్యవసాయం, పాటలు, నాటికలు, వార్తలు, అన్నీ విన్నాం. ఫుట్‌బాల్ కావాలంటే రాత్రిపూట ఢిల్లీ కేంద్రం ముల్లు వెతకాలి. ఒకడు ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకుని వింటాడు, హిందీ వచ్చింది కనుక మిగతావాళ్లకు తెలుగులో చెబుతాడు. ఆ ఒకడు చాలాసార్లు మేమే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో మన జట్టు సౌదీ అరేబియాతో 1-0తో ఓడిన రోజు కూడా మేమే చెప్పాం. గోల్ పడ్డ మాట చెప్పడానికి నోరు రాక కాసేపు బ్యాటరీ పోయిందన్నాం. అది అబద్ధం. కపాడియా అయితే ఆ పని చేసేవాడు కాడు.

సినిమా చూసిన పిల్లవాడు ఇంకో మాట కూడా అన్నాడు. “ఆ పేపరాయన రహీమ్ సాబ్‌ను ఎంత ఏడిపిచ్చినాడు హజ్రత్!” సినిమాలో ఒక క్రీడా విలేకరి ఉన్నాడు, రహీమ్ సాబ్‌కు పగవాడు. కల్పిత పాత్ర. కలానికి ఎంత బలముందో చూపించడానికి పెట్టారు కాబోలు. కాని విలేకరి అంటే అలాగే ఉంటాడని పిల్లల మనసులో పడితే కష్టం. ఆ విలేకరి కూర్చున్న కుర్చీలోనే నోవీ కపాడియా కూడా కూర్చున్నాడు మరి. కుర్చీలో కూర్చుని హైదరాబాదు కానిస్టేబుళ్ల పేర్లు ఇంటిపేర్లతో సహా గుర్తుపెట్టుకున్నాడు. ఆయన మతం వేరు, ఊరు వేరు, భాష వేరు. మన పెద్దల కథను మనకంటే జాగ్రత్తగా దాచింది ఆయన. ఇందులో మనం సిగ్గుపడాలో సంతోషించాలో మాకు తెలియడం లేదు. రెండూ చేయవచ్చు.

ఆయన ఆఖరి రోజులు సుఖంగా గడవలేదు. నరాల వ్యాధి ఒకటి వచ్చింది. మోటార్ న్యూరాన్ వ్యాధి అంటారు. కండరాలు ఒక్కొక్కటే మాట వినడం మానేస్తాయి. నడక పోతుంది, చేతులు పోతాయి, మాట కూడా కష్టమవుతుంది. గొంతుతో బతికిన మనిషికి! అధ్యాపకుడిగా రావలసిన పింఛను అందడం లేదని అప్పట్లో పత్రికలు రాశాయి. 2021లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ నాలుగు లక్షల రూపాయల సహాయం ఇచ్చింది. ఆ ఏడాది నవంబరు 18న ఆయన పోయాడు. నాలుగు నెలలకే, 2022 మార్చిలో, హైదరాబాద్ పేరుగల జట్టు ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. కపాడియా బతికి ఉంటే పోలీసు జట్టు నుంచి మొదలుపెట్టి ఈ జట్టు దాకా ఒక్క ఊపిరిలో చెప్పేవాడు. చెప్పేవాడు లేకుండానే గెలిచారు. 2025లో ఆ క్లబ్బు కూడా హైదరాబాదును వదిలి ఢిల్లీకి వెళ్లిపోయింది.

కపాడియా పోవడానికి మూడు నెలల ముందు, 2021 ఆగస్టులో, రహీమ్ సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ గుల్బర్గాలో మరణించాడు. ఆయన 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన జట్టులో సభ్యుడు, అంతర్జాతీయ రెఫరీ, శిక్షకుడు. తండ్రి గురించి ఏదైనా రూఢి చేసుకోవాలంటే ఆయనను అడిగేవారు. 2023 ఫిబ్రవరిలో బలరామ్ వెళ్లిపోయాడు. అదే సంవత్సరం ఆగస్టు 15న హబీబ్ హైదరాబాదులో కన్నుమూశాడు. రెండేళ్లలో చెప్పవలసినవారు, చెప్పించవలసినవాడు అందరూ పోయారు.

మన జిల్లాలో ఫుట్‌బాల్ లేదనుకోవద్దు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనమంతా ఆర్డీటీ అని పిలిచేది, పచ్చని మైదానాలు వేసి పల్లె పిల్లలకు ఆట నేర్పింది. స్పెయిన్‌లోని లా లీగా కూడా చేయి కలిపింది. వేరుశనగ ఎండిపోయిన చేలగట్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు బూట్లు కట్టుకుని ఆడుతున్నారు. వారి గురించి మన జిల్లా పేజీలో వచ్చే వార్త ఎలా ఉంటుందో చూశారా? ‘హోరాహోరీగా సాగిన పోరు’, ‘ఉత్సాహంగా పాల్గొన్న క్రీడాకారులు’, కింద బహుమతులు ఇచ్చిన పెద్దమనుషుల పేర్లు వరుసగా. గోల్ కొట్టిన పిల్ల పేరు ఉండదు, ఉన్నా తప్పు ఉంటుంది. మేము విలేకరులను తప్పుపట్టడం లేదు. మండల విలేకరికి లైన్ అకౌంట్ మీద వచ్చే డబ్బు ఎంతో మాకు తెలుసు. పొద్దున కరెంటు ఆఫీసు, మధ్యాహ్నం రోడ్డు ప్రమాదం, సాయంత్రం సభ, మధ్యలో ఈ ఫుట్‌బాల్. ఆట ముగిసే దాకా నిలబడే తీరిక వాళ్లకెక్కడిది? నిర్వాహకులు ఇచ్చిన కాగితమే వార్త అవుతుంది. నిర్వాహకులకు బహుమతి ఇచ్చినవారి పేరు ముఖ్యం.

అయితే కపాడియాకు కూడా ఎవరూ తీరిక ఇవ్వలేదు. ఆయనకు ఉద్యోగం వేరే ఉంది. క్లాసు అయ్యాక వెళ్లాడు. ఈ మాటే మేము ఆ పిల్లవాడికి చెప్పి, ఒక నోటుపుస్తకం ఇచ్చాం. ఆదివారం పెన్నేటి ఇసుకలో మీరు ఆడే ఆటలో ఎవరెవరు ఆడారో, ఎవరు గోల్ కొట్టారో, ఎన్నో నిమిషంలో కొట్టారో రాసుకుని రా అన్నాం. వాడు నవ్వాడు. “మా ఆటకు నిమిషాలేంది హజ్రత్, మగ్రిబ్ అజాన్ అయితే ఐపోతుంది” అన్నాడు. అదే రాయమన్నాం.

రాశాడు. మొదటి ఆదివారం రాసినదాంట్లో తాను కొట్టిన గోల్స్ మూడు, మిగతావాళ్లవి ‘కొన్ని’. ఆ ‘కొన్ని’ కింద ఎర్రగీత గీశాం. రెండో వారం మెరుగు. మూడో వారం వాడే ఒక కబురు తెచ్చాడు. వాళ్ల వీధిలో ఒక తాత ఉన్నాడట. ఒకప్పుడు గుంతకల్లులో రైల్వే కుర్రాళ్లతో ఫుట్‌బాల్ ఆడేవాడట. హైదరాబాదు వెళ్లి పోలీసు జట్టు ఆట కళ్లారా చూశాడట. వాడు వెళ్లి కూర్చుని రాసుకొచ్చాడు: “తాత బాగా ఆడేవాడు. చాలా గోల్స్ కొట్టినాడు.”

ఎన్ని? ఎవరి మీద? ఏ సంవత్సరం? హైదరాబాదులో చూసింది ఏ మ్యాచ్? పోలీసు జట్టులో ఆ రోజు ఎవరెవరు ఆడారు? తాత పూర్తి పేరు ఏమిటి? ఇవన్నీ వరుసగా ఇంకో పేజీలో రాసిచ్చాం.

“వచ్చే ఆదివారం పోయి అడుగుతా హజ్రత్” అన్నాడు. “వారానికి రెండు రోజులు అనంతపురం పోతాడు తాత, కిడ్నీ డయాలసిస్ చేపిచ్చుకునేకి.”

ఆ రోజు పాఠం చెప్పలేదు. ఆదివారం దాకా ఆగవద్దు, ఇప్పుడే పొమ్మని నోటుపుస్తకం చేతికిచ్చి పంపించాం.